ముందు అద్దాలు లెక్కపెట్టండి: పళ్ల క్లినిక్‌లో ఇన్‌ఫెక్షన్ అంటకుండా పని నడపడం ఎలా

పళ్ల డాక్టరు చదువు బీడీఎస్ పూర్తిచేసి సొంతంగా క్లినిక్ పెట్టుకుంటున్న పిల్లలు ఫోన్ చేసి మొదట అడిగేది, ఏ చైర్ కొనాలి మేడం అని. నేను తిరిగి ఒకటే అడుగుతాను: నోటి అద్దాలు ఎన్ని కొన్నావు? ఆరు అంటారు. సాయంత్రం పూట ఎంతమంది వస్తారనుకుంటున్నావు అంటే పది, పన్నెండు అంటారు. మరి ఏడో మనిషి నోట్లో పెట్టేది ఏమిటి?

దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఇన్నేళ్లలో నేను చేసినవీ, చూసినవీ తప్పుల్లో తెలియక జరిగినవి తక్కువ. టైం చాలక, సామాను చాలక జరిగినవే ఎక్కువ. పనిముట్ల మీది క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్ గురించి కాలేజీలో అందరం చదువుకున్నవాళ్లమే. రాత్రి ఏడున్నరకి బయట నలుగురు కూర్చుని ఉంటారు, ఒక పసివాడు ఏడుస్తుంటాడు, ఒకాయన తలుపు తోసి "ఇంకెంతసేపమ్మా" అంటాడు. చదివింది చేతికి రావాల్సింది అప్పుడు. కింద చెప్పేదంతా ఆ ఏడున్నర గంటను మనసులో పెట్టుకునే చెబుతున్నాను.

సెట్లు లెక్క చూసుకోండి

వాడిన పనిముట్టు మళ్లీ ట్రే మీదికి రావడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టుకుని ఒకసారి చూడండి. నానబెట్టడం, కడగడం, ఆరబెట్టడం, పౌచ్‌లో, అంటే ఆవిరి దూరే కాగితం సంచిలో పెట్టడం కలిపి అరగంట. ఆటోక్లేవ్ వేడెక్కి, పని చేసి, ఆరబెట్టి, తలుపు తెరుచుకునేసరికి ముప్పావు గంట పైనే. చల్లారాలి. అంటే గంటన్నరకు తక్కువ కాదు. ఐదింటికి వాడిన అద్దం ఆరున్నరకు గానీ చేతికి రాదు. అందుకే ఒక పూటలో వచ్చే అందరికీ సరిపడా సెట్లు, పైన ఇంకో రెండు ఉంచుకోవాలి. అద్దం, ప్రోబ్, ట్వీజర్ ఉన్న మామూలు సెట్ ఖరీదైన వస్తువేమీ కాదు. కోఠీ వెళ్లి ఒక పూట తిరిగితే డజను తెచ్చుకోవచ్చు.

పన్ను తొలిచే హ్యాండ్‌పీస్ దగ్గర మాత్రం డబ్బు నొప్పి తెలుస్తుంది. అయినా చెబుతున్నాను, చైర్‌కి నాలుగైనా ఉండాలి. ఒక్కటే ఉంటే దాన్ని స్పిరిట్ దూదితో తుడిచి తరవాతి మనిషి నోట్లో పెట్టే రోజు వచ్చి తీరుతుంది. ఎందుకు పెట్టకూడదో చెబుతాను. కాలు పెడల్ మీంచి తీయగానే లోపలి టర్బైన్ ఆగుతూ ఒక్క క్షణం వెనక్కి లాగుతుంది. ఆ లాగడంలో నోట్లోని ఉమ్మి, రక్తం సన్నటి గొట్టాల్లోకి వెళ్తాయి. దూది తుడిచేది పైన. లోపలున్నది తరవాతి పేషెంట్ పంటిలోకి నీళ్లతోపాటు చిమ్ముతుంది. దాన్ని చంపేది ఆవిరి ఒక్కటే. కాబట్టి పని అయ్యాక చైర్ మీదే 20, 30 సెకన్లు గాలి, నీరు వదిలి నడపండి. పైన తుడిచి, నూనె వేసి, పౌచ్‌లో పెట్టి, ఆటోక్లేవ్ చేయండి. ప్రతి పేషెంట్‌కీ, ప్రతిసారీ. నీళ్లు కొట్టే త్రీ వే సిరంజి మూతికి, గార తీసే స్కేలర్ టిప్‌కి కూడా ఇదే లెక్క.

కడగడమే అసలు పని

ఒక రాత్రి క్లినిక్ కట్టేసే ముందు మర్నాటి రూట్ కెనాల్ కోసం పౌచ్‌లు తీసి చూస్తున్నాను. ఒక పౌచ్‌లో పుచ్చు గీకే ఎక్స్‌కవేటర్ మెడ దగ్గర ఆవగింజంత తెల్లటి సిమెంట్ కనపడింది. పౌచ్ మీద వేడి తగిలితే రంగు మారే ఇండికేటర్ చక్కగా రంగు మారి ఉంది. తీసి గోరుతో గీకితే ఆ సిమెంట్ కింద గోధుమరంగు చార. ఎండిన రక్తం. ఆవిరి దాని పైదాకా వచ్చి ఆగిపోయింది. తప్పు మిషన్‌ది కాదు, మా సింక్‌ది, అంటే నాది. ఆ రాత్రి పౌచ్‌లన్నీ చించి మొదటినుంచి కడిగాం.

అప్పటినుంచి మా దగ్గర పద్ధతి ఇది. పేషెంట్ లేచేలోపే పనిముట్ల మీద సిమెంట్, పన్ను నింపే కాంపోజిట్ తడి గాజుగుడ్డతో తుడిచేయాలి. గట్టిపడ్డాక ఎవరివల్లా కాదు. వెంటనే మూతున్న డబ్బాలో ఎంజైమ్ ద్రావణంలో వేయాలి. రక్తం ఆరనివ్వకూడదు. అక్కడినుంచి, నీళ్లలో శబ్ద తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ క్లీనర్‌లోకి. దాని మూత పెట్టే నడపండి, నడుస్తుండగా చెయ్యి పెట్టకండి. అది సరిగా పనిచేస్తుందో లేదో చూడ్డానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క చాలు. నీళ్లలో నిలువుగా వేలాడదీసి కాసేపు నడిపితే రేకు అంతటా సన్నటి చుక్కలు, చిల్లులు పడాలి. ఒక పక్క నున్నగా ఉండిపోతే ఆ పక్క మిషన్ పనిచేయట్లేదు.

చేత్తో తోమక తప్పనివి ఉంటే పొడుగు పిడి బ్రష్‌తో నీళ్లలో ముంచి తోమాలి. పంపు కింద పట్టుకుని తోమితే తుంపర్లు మొహాన పడతాయి. ఇక్కడ చేతికి ఉండాల్సినవి పలచటి గ్లౌజులు కాదు, గిన్నెలు తోమేటప్పుడు వేసుకునేలాంటి మందపాటివి. కళ్లద్దాలు, ఏప్రాన్ కూడా. నా అనుభవంలో అసిస్టెంట్లకు ఎక్కువగా గుచ్చుకునేది చైర్ దగ్గర కాదు, ఈ సింక్ దగ్గరే.

తరవాత బాగా కడిగి, ఆరబెట్టి, లైటు కింద భూతద్దంతో ఒక్కొక్కటీ చూసి పౌచ్‌లో పెట్టండి. పన్ను పీకే ఫోర్సెప్స్ నోరు తెరిచే పెట్టాలి, మూసి పెడితే కీలు లోపలికి ఆవిరి వెళ్లదు. పౌచ్ మీద తేదీ, సైకిల్ నంబరు రాయండి.

గదిలో దారి ఒకవైపే ఉండాలి: మురికి సామాను వచ్చే చోటు, సింక్, ప్యాకింగ్ బల్ల, ఆటోక్లేవ్, శుభ్రమైన అల్మరా. ఎంత ఇరుకు గదైనా ఈ వరస కుదురుతుంది. కుదరకపోతే బల్ల మీద ఎర్ర టేపు అతికించి గీత పెట్టండి. కడగని వస్తువు ఆ గీత దాటకూడదు.

ఆటోక్లేవ్‌ని నమ్మే ముందు పరీక్ష పెట్టండి

ప్రెషర్ కుక్కర్ లాంటి పాతరకం ఆటోక్లేవ్ అయితే 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర పౌచ్‌లో ఉన్న సామానుకి 30 నిమిషాలు. ప్రెషర్ వచ్చాకే లెక్క మొదలు. వాల్వ్ మూసే ముందు ఆవిరి ధారగా రావాలి, లేదంటే లోపల గాలి మిగిలిపోయి ముల్లు సరిగ్గానే చూపిస్తున్నా వేడి అందదు. వాక్యూమ్ ఉన్న బీ క్లాస్ మిషన్ 134 డిగ్రీల దగ్గర దాదాపు 4 నిమిషాల్లో పని ముగిస్తుంది, ఆ పైన ఆరబెట్టడం. హ్యాండ్‌పీస్ లాంటి బోలు వస్తువులకి ఇదే కావాలి. అప్పు చేసి ఒక్క వస్తువు కొంటానంటే చైర్ కంటే ముందు ఇది కొనమంటాను.

పౌచ్‌లు ఒకదాని మీద ఒకటి కుక్కకండి. పుస్తకాల్లా నిలబెట్టండి. ఆరే సైకిల్ పూర్తికాకముందే తలుపు తీయకండి. తడిసిన కాగితం గుండా క్రిములు లోపలికి పాకుతాయి, కాబట్టి తడి పౌచ్ అంటే మళ్లీ చేయాల్సిన పౌచ్.

మన ఊళ్లో రెండు తలనొప్పులు అదనం. ఒకటి నీళ్లు. ఎండాకాలం జలమండలి నీళ్లు చాలక బోరు, ట్యాంకర్ల మీద బతుకుతాం. ఆ ఉప్పునీళ్లు ఆటోక్లేవ్‌లో పోస్తే మీ ఇంటి గీజర్ రాడ్‌కి పట్టే తెల్లటి పెచ్చే దానికీ పడుతుంది. పనిముట్ల మీద మచ్చలు, వాల్వ్‌లో అడ్డు. డిస్టిల్డ్ వాటరే పోయండి. రెండోది కరెంటు. సైకిల్ మధ్యలో పోయి వచ్చిందంటే మిగిలిన నిమిషాలు కలుపుకోవడం కుదరదు, మొదటినుంచి పెట్టాల్సిందే. మామూలు ఇన్వర్టర్ ఈ లోడు మోయదు. అందుకే పెద్ద లోడు మధ్యాహ్నం ఖాళీలో పెట్టుకోండి, సాయంత్రానికి వాయిదా వేయకండి.

ఇక ఇండికేటర్ టేపు. దాని రంగు మారితే "ఇది వేడిలోకి వెళ్లి వచ్చింది" అని మాత్రమే అర్థం. క్రిములు చచ్చాయని కాదు. అది తెలియాలంటే వారానికోసారి స్పోర్ టెస్ట్ చేయాలి. జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే మొండి క్రిమి బీజాలుండే చిన్న వయల్ అది. దాన్ని ఆవిరి అందడం కష్టమైన చోట, నిండు లోడు మధ్యలో పెట్టి సైకిల్ నడపాలి. తరవాత దాన్నీ, అదే బ్యాచ్‌లో ఆటోక్లేవ్‌కి వెళ్లని ఇంకో వయల్‌నీ కలిపి ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాలి. ఊదారంగు వయల్ రకమైతే, ఆటోక్లేవ్‌లోకి వెళ్లింది ఊదాగానే ఉండాలి, వెళ్లనిది క్రిములు పెరిగి పసుపు కావాలి. రెండూ ఊదాగానే ఉంటే సంతోషించకండి, వయల్సే పాడైపోయాయి. వెళ్లింది పసుపైతే మిషన్ ఆపి, మళ్లీ పరీక్షించి, పోయినసారి పాసైన తేదీ తరవాతి పౌచ్‌లన్నీ వెనక్కి తీయండి. పౌచ్ మీద సైకిల్ నంబరు రాయమన్నది ఇందుకే.

పనిముట్లు నీళ్లలో మరిగించడం స్టెరిలైజేషన్, అంటే క్రిములన్నీ చంపడం, కాదు. క్రిములు చంపే మందు గ్లుటరాల్డిహైడ్‌లో పది నిమిషాలు ముంచి తీయడం అంతకన్నా కాదు. 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌తో స్టెరిలైజ్ కావాలంటే 10 గంటలు మునిగి ఉండాలి. వేడి తట్టుకోలేని వస్తువుకే అది. అలాంటి వస్తువు కొనకపోవడమే మేలు.

సెలైన్ సీసా, తిమ్మిరి మందు వయల్

ఈ భాగం దయచేసి రెండుసార్లు చదవండి.

2023లో తమిళనాడు తిరుపత్తూరు జిల్లాలో ఒక పళ్ల క్లినిక్‌కి వెళ్లిన పదిమందికి మెదడుకి ఇన్‌ఫెక్షన్ సోకింది. ఎనిమిది మంది చనిపోయారు. అది మెలియాయిడోసిస్, మట్టిలో నీటిలో ఉండే బర్‌ఖోల్డేరియా సూడోమల్లై క్రిమి వల్ల వచ్చేది. దర్యాప్తు చేసినవాళ్లు వెతుక్కుంటూ చివరికి చేరింది ఒక సెలైన్ సీసా దగ్గరికి. చిగురు వెనక్కి తీసే పెరియాస్టియల్ ఎలివేటర్‌తో సీసా మూత తెరవడం, వదులుగా మూసి ఉంచి అదే సీసా తరవాతి వాళ్లకీ వాడడం. అంతే. పళ్ల నొప్పికని వెళ్లినవాళ్లు ఇంటికి తిరిగొచ్చి రోజుల్లో పోయారు.

ఇప్పుడు మీ క్లినిక్‌లో ట్రాలీ మీద ఉన్న సెలైన్ సీసా చూడండి. మూతకి సూది గుచ్చి వదిలేసి ఉందా? దూది కుక్కి ఉందా? దాన్ని ఇప్పుడే పారేయండి. ఒక సీసా ఒక మనిషికి. 100 మి.లీ. సీసాలు కొనండి, పెద్దది కొని పొదుపు చేశామనుకోకండి. సగం మిగిలితే సగం సింక్‌లోకి. మా అసిస్టెంట్ మొదట్లో "అయ్యో మేడం, కొత్తదే కదా" అని బాధపడేది. ఇప్పుడు పేషెంట్ చైర్ దిగకముందే ఆవిడే వంచేస్తుంది.

తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ 30 మి.లీ. వయల్ కూడా ఇలాంటిదే. అది చాలామందికి వాడేందుకే చేసింది గనక ప్రమాదం ఎక్కువ. రబ్బరు మూత స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూది. ఒక పేషెంట్‌కి సగం ఇచ్చాక ఇంకొంచెం కావాలనిపిస్తే అదే సిరంజితో వయల్ ముట్టుకోకూడదు. సూది మారిస్తే సరిపోదు, సిరంజిలోకి రక్తం వచ్చి ఉంటుంది. తెరిచిన తేదీ వయల్ మీద రాయండి, 28 రోజులు దాటితే మిగిలింది పారేయండి. చైర్ పక్కన కాకుండా వేరే బల్ల మీద ఉంచండి. నా సలహా, వీలైనచోట ఒక్కసారికి సరిపోయే కార్ట్రిడ్జ్‌లే వాడండి.

చైర్‌లోంచి వచ్చే నీళ్లు

చైర్ లోపలి గొట్టాలు చాలా సన్నవి. రాత్రంతా నీళ్లు నిలిచి ఉంటాయి. గోడలకి జిగురు పొర పడుతుంది, దాంట్లో క్రిములు ఇల్లు కట్టుకుంటాయి. 2011లో ఇటలీలో 82 ఏళ్ల ఒక పెద్దావిడ లెజియోనెల్లా న్యుమోనియాతో చనిపోతే, ఆ క్రిమి ఆవిడ వెళ్లిన డెంటల్ చైర్ నీటిలోనే దొరికింది. మామూలు పంటి పనికి వాడే నీటిలో మి.లీ.కి 500 క్రిమి కాలనీలకు మించి ఉండకూడదన్నది ప్రమాణం.

చేయాల్సింది కష్టం కాదు. ఉదయం రాగానే ప్రతి లైనూ రెండు నిమిషాలు వదలండి. పేషెంట్‌కీ పేషెంట్‌కీ మధ్య 20, 30 సెకన్లు. ఓవర్‌హెడ్ ట్యాంకుకి నేరుగా కలిపిన చైర్ వద్దు, సీసా ఉన్న చైర్ తీసుకుని దాంట్లో డిస్టిల్డ్ నీళ్లు పోయండి. ఆర్వో నీళ్లు శుభ్రమే కదా అంటారు. ఆర్వోలో క్లోరిన్ పోతుంది, అందువల్ల నిలవ ఉంటే క్రిములు ఇంకా తేలిగ్గా పెరుగుతాయి. రాత్రి సీసా ఊడదీసి, కడిగి, బోర్లించి ఆరబెట్టండి. లైన్లు శుభ్రం చేసే మందు చైర్ కంపెనీ చెప్పిన గడువు ప్రకారం వాడండి. అయితే పొర పట్టిన గొట్టం నీళ్లు వదిలినంత మాత్రాన బాగుపడదు, మందు వేయాల్సిందే. జ్ఞానదంతం తీయడం, ఇంప్లాంట్ లాంటి కోత పనికి మాత్రం చైర్ నీళ్లు అసలు వాడకండి. కొత్తగా తెరిచిన స్టెరైల్ సెలైన్ వాడండి.

మనిషికీ మనిషికీ మధ్య

వాడినవి తీసేయడం, గ్లౌజులు విప్పడం, చేతులు శుభ్రం చేసుకోవడం, చైర్ తుడవడం, కవర్లు మార్చడం, కొత్త ట్రే పెట్టడం. ఎప్పుడూ ఇదే వరస. చేతులకి సబ్బయితే 40 నుంచి 60 సెకన్లు, స్పిరిట్ రబ్ అయితే 20 నుంచి 30. గ్లౌజుల మీద స్పిరిట్ రాసుకుని తరవాతి వాళ్లని చూడడం కొన్నిచోట్ల చూశాను, దయచేసి వద్దు. స్పిరిట్‌కి గ్లౌజు పాడవుతుంది.

తుడిచే మందు వేసి వెంటనే ఆరబెట్టేయడం ఇంకో పొరపాటు. డబ్బా మీద రాసిన నిమిషాలపాటు ఉపరితలం తడిగా ఉండాలి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో ఏడు రోజులైనా బతికి ఉంటుంది. లైటు పిడి, చైర్ స్విచ్‌లు, ఎక్స్‌రే బటన్ లాంటివాటికి ప్లాస్టిక్ కవర్ చుట్టి ప్రతి పేషెంట్‌కీ మార్చడం తేలిక. గ్లౌజు చేత్తో ఫోన్ తీయకండి, కేసు షీటు రాయకండి. కింద రక్తం పడితే 1 శాతం హైపోక్లోరైట్: 4 శాతం సీసా ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. బాత్రూం కడిగే యాసిడ్ దాంతో కలిస్తే విషవాయువు వస్తుంది, ఊడ్చే ఆవిడకి ఇది విడమరిచి చెప్పండి.

ల్యాబ్‌కి పంపే పళ్ల అచ్చులు కూడా కడిగి, మందులో ఉంచి, మళ్లీ కడిగి పంపండి. ల్యాబ్ కుర్రాడికీ ఇల్లుంది.

ఎవరికి ఏ జబ్బుందో తెలుసుకుని జాగ్రత్త పెంచడం, లేదనుకుని తగ్గించడం రెండూ తప్పే. హెచ్‌ఐవీ ఉందని చెప్పిన మనిషిని ఆఖరున కూర్చోబెట్టడం, వెనక్కి పంపడం 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం వివక్ష. నిజానికి చెప్పినవాళ్లకంటే చెప్పనివాళ్లు, తమకే తెలియనివాళ్లు ఎక్కువమంది రోజూ ఆ చైర్‌లో కూర్చుంటారు. అందరికీ ఒకే పద్ధతి.

సూది గుచ్చుకుంటే

సూదికి మూత రెండు చేతులతో పెట్టకండి. మూతని ట్రేలో ఉంచి, ఒక్క చేత్తో సూదిని దాంట్లోకి దూర్చి ఎత్తండి. వాడిన సూది చైర్ పక్కనే కట్టర్‌లో కత్తిరించాలి, గది అవతలికి మోసుకెళ్లకూడదు.

అయినా గుచ్చుకుందా? సబ్బు, పారే నీళ్లతో కడగండి. పిండకండి, నోట్లో పెట్టుకోకండి, బ్లీచ్ రాయకండి. పేషెంట్‌కి నెమ్మదిగా విషయం చెప్పి, ఒప్పుకుంటే రక్తపరీక్ష చేయించండి. వెంటనే ఉస్మానియా గానీ గాంధీ గానీ, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ మందు మొదటి రెండు గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 0.3 శాతం. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివారికి 6 నుంచి 30 శాతం. అంటే మనం ఎక్కువ భయపడాల్సింది టీకా ఉన్న జబ్బుకే. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు, ఆఖరి డోసు అయిన నెల, రెండు నెలలకి టీకా పట్టిందో లేదో చూసే టైటర్ పరీక్ష, అంకె 10 దాటాలి. డాక్టరుకే కాదు, అసిస్టెంట్‌కి, చెత్త ఎత్తే ఆవిడకి, అందరికీ మీ ఖర్చుతో వేయించండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే.

చెత్త

ఆసుపత్రి చెత్త మీది 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, గాజుగుడ్డ, పీకిన పళ్లు పసుపు సంచిలోకి. గ్లౌజులు, సక్షన్ టిప్‌లు, సూది లేని సిరంజిలు ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు వయల్స్ నీలంలోకి. పాదరసం కలిసిన వెండి ఫిల్లింగ్ ఉన్న పన్ను మాత్రం కాల్చడానికి వెళ్లే పసుపు సంచిలో వేయకూడదు, వేరుగా ఉంచాలి. 48 గంటలకు మించి దాచకండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, చెత్త తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం క్లినిక్ తెరవకముందే ఉండాలి. జీహెచ్ఎంసీ ఆటోలో వేసిన ఒక్క సూది ఏ కుర్రాడి చేతిలో దిగుతుందో ఆలోచించండి.

మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు

పేరు, వయసు, ఏ పన్ను అన్నవి పేషెంట్ నోటే చెప్పించండి. చేతికి అద్దం ఇచ్చి వేలు పెట్టి చూపించమనండి. మన కుడి వాళ్లకి ఎడమ, ఎక్స్‌రే తిరగేసి పెట్టడం కూడా చూశాను. ఫోర్సెప్స్ పట్టుకున్నాక ఒక్క క్షణం ఆగి అసిస్టెంట్‌తో కలిసి పన్ను నంబరు పైకి చెప్పుకోండి.

"బీపీ, షుగర్ ఉన్నాయా?" అంటే లేవంటారు. "రోజూ ఏ మాత్ర వేసుకుంటున్నారు?" అని అడగండి, అప్పుడు జేబులోంచి రేకు బయటికొస్తుంది. రక్తం పలచబడే మాత్ర ఉంటే దాన్ని మీ అంతట మీరు ఆపమనకండి, గుండె డాక్టరుతో మాట్లాడండి. "అన్నం తిన్నారా?" అని తప్పకుండా అడగండి. ఖాళీ కడుపుతో ఇంజెక్షన్‌కి కళ్లు తిరిగి పడేవాళ్లు ఎక్కువ. ఏకాదశి ఉపవాసాలు, రంజాన్ రోజాలు ఉన్న రోజుల్లో అత్యవసరం కాని పనిని ఉపవాసం విప్పాక పెట్టుకోండి, షుగర్ ఉన్నవాళ్లకైతే మరీ ముఖ్యం.

రూట్ కెనాల్‌కి పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే రబ్బరు తెర కట్టండి. చేతిలోంచి జారిన ఫైల్, అంటే పంటి లోపల తోమే సన్నటి సూది, గొంతులో పడకుండా ఆపేది అదే, తుంపర్లు తగ్గించేదీ అదే. పేషెంట్ కళ్లకి కూడా అద్దాలు పెట్టండి. అడ్రినలిన్, ఆక్సిజన్, గ్లూకోజ్ ఉన్న డబ్బా ఎక్కడుందో, 108కి ఎవరు ఫోన్ చేయాలో క్లినిక్‌లో అందరికీ తెలిసుండాలి.

అన్నీ సిద్ధమయ్యాక పౌచ్‌ని పేషెంట్ కళ్లముందే చించండి. మలక్‌పేట నుంచి వచ్చే ఒక పెద్దావిడ మొదటిసారి అలా చించుతుంటే "ఇది నాకోసమే కొత్తది తెచ్చావా బిడ్డా?" అని అడిగింది. కొత్తది కాదమ్మా, మీకోసం కడిగి ఆవిరి పట్టింది అని చెప్పి, పౌచ్ మీద రాసిన తేదీ చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదువుకుని, నోరు తెరిచింది.